స్లాట్ జూన్‌లో, తమ్ముడి పెళ్లి వైశాఖంలో... స్టాంపింగ్‌కి వెళ్లనా వద్దా?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది జగిత్యాల దగ్గర ఊరు. 2019లో ఎంఎస్‌కి టెక్సస్ వచ్చిన. ఓపీటీ (చదువు అయినంక పని చేసుకునే పర్మిషన్) మీద పని చేసిన, 2024 లాటరీల హెచ్1 (ఉద్యోగం వీసా) తగిలింది, అక్టోబర్ నుంచి దాని మీదనే ఉన్న, 2027 సెప్టెంబర్ దాకా అప్రూవల్ ఉంది. కానీ పాస్‌పోర్ట్‌ల ఉన్నది పాత ఎఫ్1 (స్టూడెంట్ వీసా) స్టాంపే, అది 2024లనే అయిపోయింది. సంక్రాంతికి వచ్చి హైదరాబాద్‌ల స్టాంపింగ్ (కాన్సులేట్‌ల ఇంటర్వ్యూ అయి పాస్‌పోర్ట్‌ల వీసా వేయించుకునుడు) చేయించుకుందామని జనవరి స్లాట్ పెట్టుకున్న, డిసెంబర్‌ల మెయిల్ వచ్చింది జూన్ 17కి జరిపినమని. ఇప్పుడు తమ్ముడి పెళ్లి వైశాఖంల పెట్టుకున్నరు. ఒక్కగానొక్క ఆడిబిడ్డను, నేను లేకుండా పెళ్లేంటని అమ్మ ఫోన్‌ల ఏడుస్తుంది. ఫ్రెండ్ ఏమో మెక్సికోల స్టాంపింగ్ చేయించుకుని అటునుంచి పో అంటుంది. అమీర్‌పేట్‌ల ఒకాయన నలభై వేలిస్తే ఏప్రిల్ స్లాట్ ఇప్పిస్త అంటున్నడు, లాగిన్ పాస్‌వర్డ్ అడిగిండు. స్టాంప్ లేకుండా ఇక్కడ ఉండుడే తప్పని ఇంకెవరో భయపెట్టిన్రు. హెచ్1 మీద కొత్తగా పెట్టిన లక్ష డాలర్ల ఫీజు నాకు పడుతదా? మా ఆయనది వేరే హెచ్1, ఆయన స్టాంప్ 2027 దాకా ఉంది. పాపకి మూడేళ్లు, ఇక్కడే పుట్టింది. పోవాల్నా, ఆగాల్నా?

జవాబు:

చెల్లెమ్మా, జనవరి స్లాట్ ఉంది కదా అని డిసెంబర్ మొదట్లోనే ఫ్లైట్ ఎక్కేయలేదు చూడు, అక్కడే సగం గండం గడిచింది. నీలాగే సెలవులకి కలిపి స్లాట్ పెట్టుకుని ముందే ఊరికి చేరినవాళ్లు, అక్కడ దిగాక ఆ మెయిల్ చూసుకుని తల పట్టుకున్నారు. మొగుడు ఇక్కడ, పెళ్లాం అక్కడ, పిల్లల స్కూలేమో ఇంకోచోట, ఇంటి అద్దె కార్ లోన్ మాత్రం నెలనెలా కట్ అవుతూనే ఉన్నాయి. దీనికంతా కారణం 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్1 వాళ్లది, వాళ్ల మీద ఆధారపడి వచ్చే హెచ్4 వాళ్లది సోషల్ మీడియా కూడా చూస్తామని పెట్టిన కొత్త పద్ధతి, అంతకుముందు జూన్ నుంచి స్టూడెంట్లకి ఉన్నదే మనకీ తెచ్చారు. ఒక్కో మనిషికి పట్టే టైమ్ పెరిగింది, రోజుకి చూసే మనుషుల సంఖ్య తగ్గింది, మిగతావాళ్లని నెలల అవతలకి తోసేశారు. కాబట్టి నీ స్లాట్ జరగడం నీ తప్పు కాదు, నీ కేసులో ఏదో తేడా ఉందనీ కాదు.

ముందు ఆ తప్పు అనే భయం తీసేస్తా. స్టాంప్ అంటే గుమ్మం దగ్గర చూపించే టికెట్ అంతే. లోపలికి వచ్చాక ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. నీ ఐ-797 అప్రూవల్ కాగితం కింద భాగంలో అది అతికించి ఉంటుంది చూసుకో, దాని మీద 2027 తేదీ ఉంటే ఆ తేదీ దాకా నువ్వు హాయిగా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, పాత ఎఫ్1 స్టాంప్ ఎప్పుడు అయిపోయినా సంబంధం లేదు. దేశం దాటి మళ్లీ లోపలికి రావాలంటేనే స్టాంప్ గొడవ. నీ సమస్య అంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది, వెళ్లడం సులువు, తిరిగి రావడమే మన చేతిలో లేనిది.

ఇప్పుడు మెక్సికో సంగతి. మీ ఫ్రెండ్ చెప్పింది అబద్ధం కాదు, పాతబడిన నిజం. ఒకప్పుడు మనవాళ్లు కెనడాకో మెక్సికోకో వెళ్లి వారంలో స్టాంప్ వేయించుకుని సోమవారానికి ఆఫీస్‌లో కూర్చునేవాళ్లు. 2025 సెప్టెంబర్ 6న స్టేట్ డిపార్ట్‌మెంట్ చెప్పేసింది, ఏ దేశం పౌరులైతే ఆ దేశంలో గానీ, నివాసం ఉన్న దేశంలో గానీ అప్లై చేసుకోండి అని. నువ్వు మెక్సికోలో ఉండవు, అక్కడి పౌరురాలివీ కాదు. ఫీజు 205 డాలర్లు పోతే పోయాయి అనుకున్నా అసలు చిక్కు వేరే ఉంది, అది చాలామందికి తెలీదు. స్టాంప్ అయిపోయినా ఐ-94 ఉంటే కెనడాకో మెక్సికోకో ముప్పై రోజుల లోపు వెళ్లి తిరిగి రావచ్చనే సౌకర్యం ఒకటుంది, ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. నీలా ఎఫ్1 స్టాంప్ మీద వచ్చి ఇక్కడే హెచ్1కి మారినవాళ్లకి కూడా అది పనికొస్తుంది. కానీ అక్కడికి వెళ్లి కొత్త వీసాకి అప్లై చేశావంటే ఆ సౌకర్యం పోతుంది. వాళ్లు స్టాంప్ వేసేదాకా ఇక లోపలికి రాలేవు. అంటే అక్కడ కాగితం చేతిలో పెట్టి ఆగమంటే జగిత్యాలా కాదు, టెక్ససూ కాదు, పరాయి ఊళ్లో హోటల్ రూమ్‌లో కూర్చోవాలి. పైగా అమెరికా వీసా చెల్లుబాటులో లేని ఇండియన్‌కి మెక్సికో వెళ్లడానికే వాళ్ల వీసా కావాలి. ఈ దారి మర్చిపో.

అమీర్‌పేట్ ఆయన గురించి ఎక్కువ చెప్పను. 2025 మార్చిలో ఇండియాలోని అమెరికన్ ఎంబసీ బాట్లు (మనిషి బదులు స్లాట్ పట్టే ప్రోగ్రాములు) పెట్టి బుక్ చేసిన స్లాట్లు దాదాపు రెండు వేలు ఒక్క దెబ్బకి క్యాన్సిల్ చేసింది, ఆ ఖాతాలకి స్లాట్ పెట్టుకునే వీలు కూడా ఆపేసింది. ఆ రెండు వేల మందిలో ఎంతమంది నీలా అమాయకంగా పాస్‌వర్డ్ ఇచ్చుకున్నవాళ్లో. ఇంకోటి, 2025 జనవరి నుంచి ఇండియాలో ఒక ఫీజు మీద ఒక్కసారే ఉచితంగా తేదీ మార్చుకోవచ్చు, రెండోసారి మార్చాలంటే మళ్లీ ఫీజు కట్టి కొత్తగా మొదలుపెట్టాలి. ఏజెంట్లు నీ లాగిన్‌లో కూర్చుని అటూ ఇటూ నొక్కి ఆ ఒక్క అవకాశం కాస్తా తగలేస్తారు, చేతిలో ఉన్న జూన్ 17 కూడా పోతుంది. నలభై వేలు పోవడం కంటే అది పెద్ద నష్టం.

ఎమర్జెన్సీ స్లాట్ అడగొచ్చు కదా అని నువ్వు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్తారు. అది జబ్బు, చావు, అర్జంట్ బిజినెస్, స్కూల్ మొదలవడం లాంటి వాటికి, అదీ అమెరికాలో ఉన్న అవసరానికి. పెళ్లి ఆ లెక్కలోకి రాదని వాళ్లే రాసి పెట్టారు. మనకి పెళ్లి కంటే ఎమర్జెన్సీ ఏముంటుంది అంటే, అది మన లెక్క. పోనీ హెచ్1 కాకుండా మా ఆయన మీద హెచ్4 వేసుకుంటే తొందరగా అవుతుందా అని కూడా కొందరికి ఐడియా వస్తుంది, వాళ్లకీ అదే లైను, అదే సోషల్ మీడియా వెట్టింగ్. ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చి స్టాంప్ తెచ్చుకునే డ్రాప్‌బాక్స్ మాట ఎత్తకు, 2025 సెప్టెంబర్ 2 నుంచి హెచ్1 వాళ్లందరూ మొహం చూపించాల్సిందే. 2024లో అమెరికాలోనే స్టాంప్ రెన్యూ చేసే పైలట్ ఒకటి పెట్టారు, ఇరవై వేల మందికి, అదీ పాత హెచ్1 స్టాంప్ ఉన్నవాళ్లకే. అది ఉండి ఉంటే మనందరి బతుకులు ఎంత తేలికయ్యేవో, సరే వదిలేయ్.

లక్ష డాలర్ల సంగతి జాగ్రత్తగా చదువు, ఎందుకంటే నీకు పడదు అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు. 2025 సెప్టెంబర్ 19న ఆ ప్రకటన వచ్చిన రాత్రి ఎక్కిన విమానం దిగిపోయినవాళ్లు ఉన్నారు, అంత భయం. తర్వాత తేలింది ఏంటంటే సెప్టెంబర్ 21కి ముందు హెచ్1 కోసం కంపెనీలు ఫైల్ చేసిన పిటిషన్లకి అది లేదు. నీది 2024లోది, కాబట్టి దాని మీద స్టాంపింగ్‌కి వెళ్తే ఆ ఫీజు లేదు. అమెరికాలో ఉండగా ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నా, కంపెనీ మారినా లేదని అక్టోబర్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసు యూఎస్‌సీఐఎస్ వివరంగా చెప్పింది. మరి ఎవరికి ఉంది? దేశం బయట ఉండి, చేతిలో చెల్లే హెచ్1 స్టాంప్ లేని మనిషికి కొత్తగా పిటిషన్ వేస్తే ఉంది. ఇప్పుడు చెప్పు, నువ్వు జగిత్యాలలో కూర్చుని స్టాంప్ కోసం ఎదురు చూస్తున్నప్పుడు నువ్వెవరివి? సరిగ్గా ఆ మనిషివే. ఆ రోజుల్లో ప్రాజెక్ట్ అయిపోయి మీ కంపెనీ నిన్ను తీసేసిందనుకో, పిటిషన్ వెనక్కి తీసుకుంటారు, దాని మీద స్టాంప్ రాదు, ఇంకో కంపెనీ నిన్ను తీసుకోవాలంటే లక్ష డాలర్లు కట్టాలి, ఎవడు కడతాడు. అదే ఉద్యోగం ఇక్కడ ఉండగా పోతే అరవై రోజుల దాకా టైమ్ ఉంటుంది, ఇంకో కంపెనీ చూసుకుని ఇక్కడి నుంచే మారిపోవచ్చు. నేను నీకు భయపడమని చెప్పేది ఈ ఒక్క విషయానికే. ఇంటర్వ్యూ గురించి అంత భయం అక్కర్లేదు.

కాబట్టి వైశాఖంలో వెళ్లి, పెళ్లి చూసుకుని, జూన్ 17 దాకా అక్కడే ఉండి, ఆ తర్వాత పాస్‌పోర్ట్ వచ్చేదాకా ఇంకా ఉండి... ఈ లెక్క నాకు నచ్చలేదు. పెళ్లి మే మొదట్లో అనుకున్నా రెండు నెలలు తక్కువ కాదు, ఇంకా పరిశీలించాలి ఆగమనే స్లిప్ చేతిలో పడితే మూడు నాలుగు నెలలు. అన్నాళ్లు నీ మేనేజర్ ఇండియా నుంచి పని చేయనిస్తాడా, క్లయింట్ లాప్‌టాప్ దేశం దాటనిస్తాడా? నోటిమాటగా ఓకే అంటే కాదు, మెయిల్ కావాలి.

నా మాట విను, ముహూర్తం వైపు నుంచి ఆలోచించు. ఈ 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది, మే 17 నుంచి జూన్ 15 దాకా. అప్పుడు ఎవరూ పెళ్లిళ్లు పెట్టరు, అందుకే మీవాళ్లు తొందరపడి వైశాఖంలోకి తోశారనుకుంటా. కానీ జూన్ 16 నుంచి నిజ జ్యేష్ఠం, అది జూలై రెండో వారం దాకా ఉంటుంది, ఆ తర్వాతే ఆషాఢం. నీ స్లాట్ జూన్ 17. అర్థమైందా? పెళ్లి జూన్ ఆఖరులోకి జరిగితే నువ్వు జూన్ 13కో 14కో దిగి, ఇంటర్వ్యూ ముగించుకుని, పెళ్లిలో ఆడిబిడ్డ కట్నం వసూలు చేసుకుని, దేవుడు చల్లగా చూస్తే పాస్‌పోర్ట్ తీసుకుని తిరిగి రావచ్చు. ఒకవేళ స్లిప్ పడి ఆగినా, మే మొదట్లో వెళ్లిన దానికంటే ఆగేది ఐదారు వారాలు తక్కువ. జ్యేష్ఠంలో పెద్ద కొడుక్కి చేయరు కదా అని అమ్మ అంటుంది చూడు, అది తొలిచూలు బిడ్డకి, తొలిచూలు నువ్వు. పెళ్లికూతురు వాళ్లింట్లో పెద్దదా అన్నది పంతులుగారిని అడగండి, పెళ్లికొడుకు తొలిచూలు కానప్పుడు పట్టించుకోనివాళ్లే ఎక్కువ.

ఫంక్షన్ హాల్ అడ్వాన్స్ ఇచ్చేశాం, ఆడపిల్లవాళ్లు ఒప్పుకోరు అంటారు. అడిగి చూడండి. కాన్సులేట్‌ని బతిమాలడం కంటే వియ్యాలవారిని బతిమాలడం నయం, వీళ్లకి మనుషుల కష్టం అర్థమవుతుంది. ఆ ఊళ్లో కూడా ఎవరో ఒకరి కొడుకో అల్లుడో అమెరికాలో ఉండే ఉంటాడు, స్టాంపింగ్ అంటే ఏంటో నువ్వు చెప్పక్కర్లేదు. హాల్ వాళ్లు తేదీ మారిస్తే కొంత కోసుకుంటారు, అది నువ్వు పెట్టుకో, నలభై వేలు ఏజెంట్‌కి బదులు అక్కడ ఖర్చుపెట్టు.

ఒప్పుకోలేదనుకో. అప్పుడు మీ ఆయన్నీ పాపనీ పంపించు, నువ్వు ఆగు. మీ ఆయన స్టాంప్ ఉంది కాబట్టి ఆయనకి గొడవ లేదు, పాప అమెరికన్ పాస్‌పోర్ట్ కాబట్టి తిరిగి రావడానికి ఏ స్టాంపూ అక్కర్లేదు, వెళ్లడానికే ఓసీఐ కార్డో (విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇండియా ఇచ్చేది) ఈ-వీసానో కావాలి, అది ఇప్పుడే మొదలుపెట్టు. అమ్మ ఏడుస్తుంది, నిజమే. జూన్‌లో నువ్వు దిగినప్పుడు కొత్త కోడలితో కలిసి పదిరోజులు ఉంటే ఆ ఏడుపు మర్చిపోతుంది. నువ్వు నాలుగు నెలలు ఉద్యోగం పోగొట్టుకుని ఇంట్లో కూర్చుంటే మాత్రం మర్చిపోదు. అనుభవంతో చెప్తున్నా. కొన్నేళ్ల కిందట నేను స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు పాత క్లయింట్ లెటర్ పట్టుకుపోయా, ప్రాజెక్ట్ మారి రెండు నెలలైంది, కొత్త లెటర్ తెచ్చుకోవడానికి బద్ధకం. ఆఫీసర్ ఒక్క ప్రశ్న అడిగాడు, నేను ఒక పేరు చెప్పా, కాగితంలో ఇంకో పేరుంది, తెల్ల స్లిప్ చేతిలో పెట్టాడు. ఏడు వారాలు. మొదటి రెండు వారాలు మా అమ్మ అరిసెలు, సున్నుండలు, రోజుకో కూర. మూడో వారం నుంచి వీధిలోవాళ్లు ఇంకా వెళ్లలేదా బాబూ అనడం, ఆమె మొహం చిన్నబుచ్చుకోవడం. ఆన్‌లైన్‌లో స్టేటస్ చూస్తే రెఫ్యూజ్డ్ అని కనిపిస్తుంది, ఆ స్లిప్‌నే 221జీ అంటారు, దానికి అలాగే చూపిస్తుంది, అది పూర్తిగా తిరస్కరించినట్టు కాదు, అయినా మా నాన్న ఆ మాట చూసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

జూన్‌కి వెళ్లేటప్పుడు చేయాల్సినవి చెప్తా. మీ కంపెనీ నుంచి మొత్తం పిటిషన్ కాపీ అడుగు, ఐ-797 ఒక్కటే కాదు, ఐ-129 (పిటిషన్ ఫారం), ఎల్‌సీఏ (నీ జీతం, పని చోటు గురించి కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చిన కాగితం), అందులో వాళ్లు నీ పని గురించి ఏం రాశారో నువ్వు చదవాలి, చాలామంది చదవరు, కిటికీ దగ్గర నిలబడి తమ జాబ్ టైటిల్ తామే తప్పు చెప్తారు. జీతం చిట్టీలు, ఏడాది జీతం, టాక్స్ చూపించే డబ్ల్యూ-2లు, డిగ్రీ మార్కుల కాగితాలు, నీది మొదటి హెచ్1 స్టాంప్ కాబట్టి కాలేజీ ఇచ్చిన పాత ఐ-20లు, ఓపీటీ కార్డ్ కూడా పెట్టుకో, ఓపీటీలో ఎక్కడ చేశావని అడిగితే తడుముకోకుండా ఉండాలి. వెండార్ కింద వెండార్ ఉన్న ప్రాజెక్ట్ అయితే క్లయింట్ లెటర్ కొత్తది, నెల లోపుది. రెజ్యూమ్‌లో ఎవరైనా లేని ఎక్స్‌పీరియన్స్ కలిపి ఉంటే... నువ్వు అలాంటిదానివి కాదనుకుంటా, అయినా లింక్డ్‌ఇన్ ఒకసారి చూసుకో, ఎందుకంటే ఇప్పుడు వాళ్లు కూడా చూస్తారు.

సోషల్ మీడియా అంటే డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఐదేళ్లలో వాడిన ఖాతాలన్నీ రాయాలి, ఎప్పుడో ఓపెన్ చేసి వదిలేసినవి కూడా గుర్తు చేసుకుని రాయి. ఇంటర్వ్యూకి ముందే ప్రైవసీ పబ్లిక్‌లో పెట్టు. హడావుడిగా అకౌంట్లు డిలీట్ చేయొద్దు, ఉన్నది దాచినట్టు అవుతుంది. డీఎస్-160 ఏదైనా తప్పు పడి మళ్లీ కొత్తది నింపితే ఆ కొత్త నంబర్ అపాయింట్‌మెంట్‌లో కూడా మార్చు, రెండూ కలవకపోతే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు. ఫోటోలో కళ్లద్దాలు ఉండకూడదు.

హైదరాబాద్‌లో వేలిముద్రలు ఒకచోట, ఇంటర్వ్యూ ఇంకోచోట. వేలిముద్రలకి హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింద అంతస్తులో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలో. పాత బేగంపేట పైగా ప్యాలెస్ అనుకుని అటు ఆటో ఎక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, 2023 మార్చిలోనే అక్కడి నుంచి మారిపోయింది. నీ కన్ఫర్మేషన్ కాగితం మీద అడ్రస్ ఏది ఉంటే అదే నమ్ము. ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు, తమ్ముణ్ణి తోడు తెచ్చుకో, బయట పట్టుకుని నిలబడతాడు, పెళ్లికొడుకైనా సరే. మళ్లీ తేదీ మారుస్తూ మెయిల్ వస్తే పాత తేదీకి వెళ్లకు, లోపలికి రానివ్వరు, అందుకని రోజూ ఇన్‌బాక్స్‌తో పాటు స్పామ్ కూడా చూడు, రిటర్న్ టికెట్ మార్చుకునే వీలున్నదే కొను. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేస్తానంటే చెయ్యి, అక్కడ హుండీ కూడా లేదు, ఖర్చు లేని మొక్కు. స్టాంప్ వచ్చాక నూట ఎనిమిది తిరగాలి, జూన్ ఎండ ఇంకా ఉంటే పొద్దున్నే వెళ్లు.

స్టాంప్ చేతికొచ్చాక పేరు, పుట్టిన తేదీ, కంపెనీ పేరు అక్కడే చూసుకో. తిరిగి ఇక్కడ దిగాక వారంలోపు కొత్త ఐ-94 ఆన్‌లైన్‌లో తీసి చూడు, పాస్‌పోర్ట్ 2027 సెప్టెంబర్ కంటే ముందే అయిపోయేదైతే ఐ-94 ఆ పాస్‌పోర్ట్ తేదీ దాకానే ఇస్తారు, మనవాళ్లు అప్రూవల్ కాగితం చూసి ధీమాగా ఉండి ఆ చిన్న తేదీ దాటేసిన కేసులు ఉన్నాయి. నీ పాస్‌పోర్ట్ దగ్గర పడి ఉంటే వెళ్లకముందే రెన్యూ చేయించుకో.

ఇవన్నీ జూన్ మాట. ఈ రాత్రి చేయాల్సింది ఒకటే ఉంది, ఆ అమీర్‌పేట్ ఆయనకి పాస్‌వర్డ్ ఇచ్చావో లేదో నువ్వు రాయలేదు, ఇచ్చి ఉంటే ఇప్పుడే మార్చేసి, జూన్ 17 స్లాట్ ఇంకా అలాగే ఉందా లేదా చూసుకుని, ఆ తర్వాత అమ్మకి ఫోన్ చేసి పంతులుగారి నంబర్ అడుగు.